అమెరికా తొలి వలసల్లో మతం, వర్తకం, తగాదా
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

దాతల సభలో అమెరికా చరిత్ర ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. ఇవాళ ఈ హాల్లో ఉన్న కుటుంబాల్లో చాలామందికి కొడుకో, కూతురో, మేనల్లుడో అమెరికాలో ఉన్నారు. డాలరు రేటు మనకు తెలుసు. వీసా సంగతులు మనకు తెలుసు. ఆ దేశం మొదట ఎలా ఏర్పడిందో మాత్రం మనం అంతగా పట్టించుకోము. పాఠ్యపుస్తకంలో కొలంబస్ 1492లో దిగుతాడు, రెండు పేజీల తర్వాత జార్జి వాషింగ్టన్ వచ్చేస్తాడు. మధ్యలో దాదాపు మూడు వందల ఏళ్లు గడిచిపోయాయి. ఆ కాలంలో దేవుడి పేరు, డబ్బు సంచి, తుపాకీ ఈ మూడూ కలిసి ఏం చేశాయో చూస్తే, దానధర్మాలు చేసేవాళ్లు ఆలోచించుకోవలసిన విషయాలు కొన్ని కనబడతాయి.

ముందుగా ఒక మాట. ఆ వలసలు రాజుగారి సైన్యం వెళ్లి గెలిచినవి కావు. చాలావరకు కంపెనీలు పెట్టినవి. 1607లో జేమ్స్‌టౌన్‌ను పెట్టింది లండన్‌లోని వర్జీనియా కంపెనీ. 1620లో మేఫ్లవర్ ఓడలో 102 మంది ప్రయాణికులు ప్లిమత్ చేరారు. వాళ్లలో తమ పద్ధతిలో ప్రార్థన చేసుకోవడానికి దేశం విడిచిన భక్తులున్నారు. కానీ ఓడ ఖర్చు పెట్టింది లండన్ వ్యాపారులు. మొదటి చలికాలంలోనే వచ్చినవాళ్లలో దాదాపు సగం మంది చనిపోయారు. బతికినవాళ్లు ఆ వ్యాపారుల అప్పు తీర్చడానికి ఇరవై ఏళ్లకు పైగా పట్టింది. ఆ అప్పు ఎక్కువగా బీవర్ అనే నీటి జంతువు చర్మాలతో తీరింది. ఆ చర్మాలను ఇచ్చింది అక్కడి ఆదివాసులు. అంటే వాళ్ల ప్రార్థనాస్వేచ్ఛకు డబ్బు లండన్‌ది, సరుకు ఆదివాసులది.

1630లో జాన్ విన్‌త్రాప్ నాయకత్వంలో పదకొండు ఓడలు మసాచుసెట్స్ తీరానికి వచ్చాయి. వీళ్లు ప్యూరిటన్లు. ఇంగ్లండు చర్చిలో ఆడంబరం పెరిగిందని, దాన్ని శుద్ధి చేయాలని పట్టుబట్టినవాళ్లు. వీళ్లు చేసిన తెలివైన పని ఒకటుంది. కంపెనీకి రాజు ఇచ్చిన పత్రాన్ని లండన్‌లో వదలకుండా తమతోపాటే ఓడలో తెచ్చుకున్నారు. దాంతో కంపెనీ వాటాదారుల సమావేశమే ఆ వలసకు శాసనసభ అయింది. మరుసటి ఏడు ఇంకో నియమం పెట్టారు: చర్చి సభ్యులకే ఓటు. కంపెనీ, చర్చి, ప్రభుత్వం మూడూ దాదాపు ఒకే మనుషుల చేతుల్లోకి వచ్చాయి.

ఇక్కడ ఒక వర్తకుడి సంగతి చెప్పాలి. ఆయన పేరు రాబర్ట్ కీన్. లండన్‌లో వ్యాపారం చేసి 1635లో బోస్టన్ వచ్చాడు. భక్తుడు. చర్చిలో చెప్పిన ప్రసంగాలను శ్రద్ధగా రాసుకునే అలవాటు. దుకాణంలో మేకులు, బంగారు బొత్తాలు, బట్టలు, ఇంటి సామాను అమ్మేవాడు. వలసలో సరుకు కరువు, ఓడ వస్తేనే మేకు దొరికేది. 1639లో ఈయన మీద ఫిర్యాదు వచ్చింది, లాభం అన్యాయంగా తీస్తున్నాడని. షిల్లింగుకు ఆరు పెన్నీలు, ఎనిమిది పెన్నీలు లాభం వేశాడని, కొన్ని చిన్న వస్తువులకు రెట్టింపు కంటే ఎక్కువ తీసుకున్నాడని ఆరోపణ. కోర్టు 200 పౌండ్ల జరిమానా వేసి, తర్వాత 80కి తగ్గించింది. కథ అక్కడితో అయిపోలేదు. చర్చి కూడా పిలిచి అందరి ముందు మందలించింది. ఆయన కన్నీళ్లు పెట్టుకున్నాడు.

ఆ సందర్భంలో బోస్టన్ మతగురువు జాన్ కాటన్ వర్తక ధర్మం గురించి ఉపన్యాసం ఇచ్చాడు. దొరికినంత చౌకగా కొని, అమ్ముడుపోయినంత ఎక్కువకు అమ్మవచ్చు అనేది తప్పుడు సూత్రం అన్నాడు. సముద్రంలో కొంత సరుకు మునిగిపోతే ఆ నష్టాన్ని మిగిలిన సరుకు మీద వేసి కొనేవాళ్ల నెత్తిన రుద్దకూడదన్నాడు. ఈ మాటలు మనకు కొత్తగా అనిపించవు. తూకం, ధర, లాభం గురించి మన పెద్దలు దుకాణం గల్లా దగ్గర కూర్చోబెట్టి చెప్పిన మాటలకు ఇవి చాలా దగ్గర.

కీన్ ఆ అవమానాన్ని మరిచిపోలేదు. 1653లో వీలునామా రాయడం మొదలుపెట్టాడు. ఆ వీలునామా యాభై వేల మాటలకు పైగా ఉంటుంది. మామూలుగా వీలునామాలో పొలం ఎవరికి, ఇల్లు ఎవరికి అని ఉంటుంది. ఆయన అందులో పేజీల కొద్దీ రాసింది తాను తప్పు చేయలేదనే వాదన. దానితోపాటు ఊరికి ఒక భవనం కట్టడానికి 300 పౌండ్లు ఇచ్చాడు. కింద బజారు, పైన కోర్టు, గ్రంథాలయం ఉండాలని కోరాడు. పేదలకోసం ధాన్యపు కొట్టు ఉండాలని కూడా ఆలోచించాడు. 1656లో ఆయన చనిపోయాక, రెండేళ్లకు ఆ టౌన్‌హౌస్ పూర్తయింది. 1711లో అది అగ్నిప్రమాదంలో కాలిపోతే, ఆ చోటనే కట్టిన పాత స్టేట్‌హౌస్ నేటికీ బోస్టన్‌లో నిలబడి ఉంది.

ఆయనిచ్చిన దానం నిజమైనదే. ఊరికి అవసరమైనదే. కానీ మేకులు ఎక్కువ ధరకు కొన్న వడ్రంగికి తిరిగి పైసా వచ్చిందా అనే ప్రశ్న మాత్రం ఆ భవనం పక్కనే నిలబడి ఉంటుంది.

మేకుల ధర గురించి ఇంత పట్టింపు ఉన్న సమాజం, అంతకు రెండేళ్ల ముందు ఏం చేసిందో ఇప్పుడు చూద్దాం.

ఆ తీరంలో గవ్వల పూసలు తయారయ్యేవి. వాటిని వాంపమ్ అనేవారు. సముద్రపు నత్తగుల్లలను, ఆల్చిప్పలను అరగదీసి, రంధ్రం చేసి, దారానికి గుచ్చుతారు. ఆదివాసులకు అవి గౌరవ చిహ్నాలు, ఒప్పందాలకు గుర్తులు. డచ్చి వర్తకులు, తర్వాత ఇంగ్లీషువాళ్లు వాటిని డబ్బుగా మార్చేశారు. పూసలిస్తే లోపలి అడవుల నుంచి బీవర్ చర్మాలు వస్తాయి, చర్మాలు పంపితే యూరప్ నుంచి సరుకు వస్తుంది. నాణేలు చాలని మసాచుసెట్స్ 1637లో ఈ పూసలను చిన్న మొత్తాలకు చెల్లుబాటు చేసింది. కనెక్టికట్ నది పొడవునా ఈ వ్యాపారం మీద పీక్వాట్ అనే జాతికి పట్టుండేది. ఆ పట్టు కోసం డచ్చివాళ్లు, ఇంగ్లీషువాళ్లు, పొరుగు జాతులు అందరూ పోటీపడ్డారు. 1634లో ఒక వర్తకుడు, 1636లో జాన్ ఓల్డమ్ అనే మరో వర్తకుడు హతమయ్యారు. అది సాకుగా యుద్ధం మొదలైంది.

1637 మే 26 తెల్లవారుజామున జాన్ మేసన్ నాయకత్వంలోని సైన్యం మిస్టిక్ నది దగ్గర ఉన్న పీక్వాట్ల కంచె గ్రామాన్ని చుట్టుముట్టి నిప్పు పెట్టింది. బయటికి పరుగెత్తినవాళ్లను చంపింది. గంటలోపే నాలుగు వందల మందికి తక్కువ కాకుండా చనిపోయారు. ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు. ఇంగ్లీషువాళ్లకు తోడుగా వచ్చిన నారగాన్‌సెట్ యోధులే, ఇదేం యుద్ధం, ఇంతమందిని చంపుతారా అని నిరసించారు. ఆ దాడి నడిపిన సేనానులు తర్వాత రాసిన పుస్తకాల్లో అది దైవనిర్ణయమని సమర్థించుకున్నారు. బందీల్లో కొందరిని డిజైర్ అనే ఓడలో కరీబియన్ దీవికి పంపి అమ్మేశారు. ఆ ఓడ 1638లో పత్తి, పొగాకు, నల్లజాతి బానిసలతో బోస్టన్‌కు తిరిగి వచ్చింది. అదే ఏడు జరిగిన హార్ట్‌ఫర్డ్ ఒప్పందంలో పీక్వాట్ అనే పేరు కూడా ఎవరూ పెట్టుకోకూడదని నిషేధించారు. అయినా ఆ జాతి అంతరించలేదు. 1983లో అమెరికా ప్రభుత్వం మాషన్‌టకెట్ పీక్వాట్లను ఒక జాతిగా గుర్తించింది.

మేకు ధరలో ఆరు పెన్నీల తేడాకు కన్నీళ్లు పెట్టించిన ఆ చర్చి, ఊరు కాల్చినవాళ్లను మందలించలేదు. వాళ్ల న్యాయం తమ వాళ్లు అనుకున్నవాళ్ల దగ్గరే ఆగిపోయింది. నేను క్లాసులో ఈ పాఠం చెప్పినప్పుడు పిల్లల్ని అడిగే ప్రశ్న ఇదే: ఈ కథలో 'మనవాళ్లు' అనే గీత ఎక్కడ గీశారు?

ఆ గీతను చెరిపే ప్రయత్నం చేసినవాడు ఒకడున్నాడు. రోజర్ విలియమ్స్. ఆయనా ప్యూరిటన్ మతగురువే. ఆయన రెండు మాటలన్నాడు. రాజు తనది కాని భూమిని పత్రం మీద ఎలా ఇస్తాడు, భూమి ఆదివాసులది, కొనుక్కోవాలి అన్నాడు. ప్రభుత్వానికి మనిషి ఒంటి మీద అధికారముందిగానీ ఆత్మ మీద లేదు అన్నాడు. 1635లో ఆయనకు బహిష్కరణ విధించారు. 1636 జనవరి మంచులో అడవిలోకి వెళ్లిపోయాడు. ఆదివాసులు ఆశ్రయమిచ్చారు. నారగాన్‌సెట్ పెద్దలైన కనానికస్, మియాంటనోమి దగ్గర భూమి పొంది ప్రావిడెన్స్ అనే ఊరు పెట్టాడు. అదే తర్వాత రోడ్ ఐలాండ్ అయింది. ఆదివాసుల భాష నేర్చుకుని దాని మీద 1643లో పుస్తకం అచ్చు వేయించాడు.

1655లో ఊరివాళ్లకు రాసిన ఉత్తరంలో ఆయన ఓడ పోలిక చెప్పాడు. ఊరంటే ఓడ లాంటిది, అందులో కేథలిక్కులు, ప్రొటెస్టంట్లు, యూదులు, టర్కులు అందరూ ఎక్కుతారు, ఓడలో జరిగే ప్రార్థనకు రమ్మని ఎవరినీ బలవంతపెట్టకూడదు, ఎవరి ప్రార్థననూ ఆపకూడదు అన్నాడు. అయితే ఓడ నడిపే నియమాలకు మాత్రం అందరూ కట్టుబడాలి, ప్రయాణపు ఖర్చులో ఎవరి వంతు వాళ్లు మోయాలి అన్నాడు. మన తెలుగులో పాతరోజుల్లో ముస్లింలను తురకలు అన్నట్టే, ఆనాటి ఇంగ్లీషువాళ్లు ముస్లింలను టర్కులు అనేవారు. అడవి అంచున ఉన్న ఒక చిన్న ఊళ్లో కూర్చుని ఆయన మనకూ ఓడలో చోటుంచాడు.

ఇప్పుడు కొంచెం దక్షిణానికి, నేటి న్యూయార్క్‌కు వెళ్దాం. అప్పటి పేరు న్యూ ఆమ్‌స్టర్‌డామ్. డచ్చి వెస్టిండియా కంపెనీది. 1647 నుంచి పీటర్ స్టైవెసంట్ అక్కడ అధికారి. 1654లో బ్రెజిల్ నుంచి 23 మంది యూదులు దాదాపు చేతిలో ఏమీ లేకుండా ఆ రేవులో దిగారు. స్టైవెసంట్ వాళ్లను పంపించెయ్యాలనుకుని కంపెనీకి ఉత్తరం రాశాడు. 1655లో కంపెనీ కుదరదంది. ఎందుకంటే బ్రెజిల్‌లో యూదులు నష్టపోయారు, పైగా కంపెనీ వాటాల్లో యూదుల పెట్టుబడి చాలా ఉంది. అయితే ఒక షరతు పెట్టింది. వాళ్లలోని పేదలు కంపెనీకిగానీ ఊరికిగానీ భారం కాకూడదు, వాళ్ల జాతివాళ్లే పోషించుకోవాలి. మనలాంటి సొసైటీలో కూర్చుని ఈ షరతు విన్నప్పుడు మనసు ఒకసారి ఆగుతుంది. మైనారిటీకి ఆశ్రయం దొరికింది, కానీ 'మీ పేదలు మీ బాధ్యత' అనే మాటతో దొరికింది.

తర్వాత క్వేకర్లు వచ్చారు. వాళ్లు మతగురువులు అక్కర్లేదనే క్రైస్తవులు. బోస్టన్‌లో 1659 నుంచి 1661 మధ్య నలుగురు క్వేకర్లను ఉరితీశారు. వారిలో మేరీ డయ్యర్ అనే స్త్రీ ఉంది. స్టైవెసంట్ ఉరితీయలేదుగానీ, క్వేకర్లకు ఇంట్లో చోటిచ్చినవాళ్లకు జరిమానా అన్నాడు. 1657 డిసెంబరు 27న ఫ్లషింగ్ అనే ఊరివాళ్లు ముప్పై మంది, ఈ ఆజ్ఞను మేము పాటించలేమని కాగితం మీద సంతకాలు పెట్టారు. సంతకం పెట్టినవాళ్లు క్వేకర్లు కారు. తమకు నొప్పి లేకపోయినా పొరుగువాడి కోసం పెట్టారు. ప్రేమ, శాంతి, స్వేచ్ఛ అనే ధర్మం యూదులకూ టర్కులకూ వర్తిస్తుందని, వాళ్లూ ఆదాము సంతానమేనని రాశారు. ఊరి గుమాస్తా ఎడ్వర్డ్ హార్ట్‌ను జైల్లో పెట్టారు. 1662లో జాన్ బౌన్ అనే రైతు తన ఇంట్లో క్వేకర్ల సమావేశం జరగనిచ్చాడని పట్టుకుని దేశం దాటించారు. ఆయన ఆమ్‌స్టర్‌డామ్ వెళ్లి కంపెనీ ముందే వాదించాడు. 1663లో కంపెనీ స్టైవెసంట్‌కు, చూసీచూడనట్టు పో, మనస్సాక్షిని బలవంతపెట్టకు అని రాసింది. కొత్త వలసకు జనం కావాలి, కట్టడి చేస్తే జనం రారు అనేది వాళ్ల లెక్క.

ఇంతవరకు వింటే వర్తకం మతాన్ని మెత్తబరిచిందనిపిస్తుంది. జనం కావలసిన చోట అది నిజమే. కానీ భూమి కావలసిన చోట అదే వర్తకం ఊళ్లు తగలబెట్టించింది. చాకిరీ కావలసిన చోట మనిషిని సరుకు చేసింది. పొగాకు పండే వర్జీనియాలో బానిసలు బాప్తిస్మం తీసుకుంటే స్వేచ్ఛ ఇవ్వాలా అనే ప్రశ్న వచ్చింది. 1667లో అక్కడి సభ చట్టం చేసింది: బాప్తిస్మం వల్ల బానిసత్వం పోదు. ఆత్మకు మోక్షం ఇస్తారు, ఒంటికి విడుదల ఇవ్వరు. అందరికీ ఓడలో చోటుంచిన విలియమ్స్ రోడ్ ఐలాండ్ కూడా దీనికి దూరంగా ఉండలేదు. 1652లో పదేళ్లకు మించి ఎవరినీ బానిసగా ఉంచరాదని అక్కడ చట్టం చేశారు. అది కాగితం మీదే ఉండిపోయింది. తర్వాతి శతాబ్దంలో రోడ్ ఐలాండ్ రేవుల ఓడలు రమ్ము తీసుకెళ్లి, లక్ష మందికి పైగా ఆఫ్రికన్లను అట్లాంటిక్ దాటించాయి.

అలా దాటించబడినవాళ్లలో ముస్లింలు ఎందరో ఉన్నారు. ఒకరి పేరు మనకు తెలుసు. అయూబా సులైమాన్ దియాలో. నేటి సెనెగల్‌లో ఉన్న బుందు ప్రాంతంవాడు. తండ్రి మతపెద్ద. మరో ఓడలో ఆయన 1730 ప్రాంతంలో మేరీల్యాండ్ చేరాడు, పొగాకు తోటకు అమ్ముడుపోయాడు. నమాజు కోసం అడవిలోకి వెళితే ఒక తెల్ల కుర్రాడు ఎగతాళి చేసి ముఖాన మట్టి కొట్టేవాడు. పారిపోయి పట్టుబడి జైల్లో పడ్డాడు. అక్కడ ఆయన వైన్ ముట్టనందుకు, అల్లాహ్, ముహమ్మద్ పేర్లు పలికినందుకు ముస్లిం అని గుర్తించారు. తండ్రికి అరబ్బీలో ఉత్తరం రాశాడు. అది ఇంగ్లండు చేరి, చేతులు మారి, జేమ్స్ ఓగిల్‌థార్ప్ దృష్టికి వచ్చింది. 1733లో లండన్ చేరాడు. ఖురాన్ మొత్తం జ్ఞాపకం నుంచి మూడుసార్లు రాశాడు. 1734లో స్వదేశం చేరాడు.

ఈ కథను ఇక్కడితో ఆపితే చప్పట్లు కొట్టవచ్చు. కానీ టీచర్ సగం పాఠం చెప్పకూడదు. ఆయన పట్టుబడిన ఆ ప్రయాణంలో గాంబియా నది దగ్గరికి వెళ్లింది తండ్రి పంపగా, కాగితం కొనడానికి, ఇద్దరు మనుషుల్ని అమ్మడానికి. ఏ ఇంగ్లీషు కెప్టెన్‌తో బేరమాడాడో అదే కెప్టెన్‌కు తానూ అమ్ముడుపోయాడు. ఆయన చదువు ఆయన్ని విడిపించింది. ఆయన బేరం పెట్టిన ఆ ఇద్దరి పేర్లు చరిత్రలో లేవు.

చివరగా మన దగ్గరికి వస్తాను. బోస్టన్‌లో కీన్‌కు జరిమానా పడిన 1639లోనే, దామెర్ల నాయకుల దగ్గర ఇంగ్లీషు కంపెనీ మద్రాసులో కోటకు చోటు సంపాదించింది. అంతకుముందు 1611 నుంచి వాళ్లు మన బందరులో బట్టల వ్యాపారం చేస్తున్నారు. బోస్టన్‌లో పుట్టిన ఎలైహు యేల్ 1672లో మద్రాసు వచ్చి, 1687లో కోటకు గవర్నరయ్యాడు. సొంత వ్యాపారం చేశాడన్న ఆరోపణల మీద 1692లో పదవి పోయింది. కానీ అప్పటికే బాగా సంపాదించాడు. ఆయన ఏలుబడిలో మద్రాసు నుంచి మనుషుల్ని కూడా బానిసలుగా ఓడల్లో పంపారు. 1718లో కనెక్టికట్‌లోని ఒక చిన్న మతపాఠశాలకు ఆయన తొమ్మిది మూటల సరుకు, 417 పుస్తకాలు, రాజుగారి చిత్రపటం పంపాడు. మూటల్లో కాలికో, మస్లిన్ బట్టలున్నాయి. వాటిని అమ్మితే సుమారు 562 పౌండ్లు వచ్చాయి. ఆ కాలేజీకి ఆయన పేరు పెట్టారు. అదే ఇవాళ ప్రపంచ ప్రసిద్ధి పొందిన యేల్ విశ్వవిద్యాలయం. ఆయన సంపద పునాదిలో కోరమాండల్ తీరపు మగ్గాల చాకిరీ ఉంది. దాత పేరు గోడ మీద ఉంది. నేతగాడి పేరు ఎక్కడా లేదు.

దాతలారా, ఈ చరిత్ర విని మీకు రెండు విన్నపాలు చేస్తున్నాను. జకాత్ ఎవరికి చెందాలో ఉలమాలు చెబుతారు, దాని జోలికి నేను పోను. కానీ సదఖా నిధిలో, స్కాలర్‌షిప్పుల్లో కొంత భాగాన్ని మతంతో నిమిత్తం లేకుండా మన వీధిలోని పేద పిల్లలకు కేటాయించండి. ఎవరూ మనకు 'మీ పేదల్ని మీరే చూసుకోండి' అనకూడదని కోరుకుంటాము కదా, మనమూ ఆ మాట అనవద్దు. ఫ్లషింగ్‌లో సంతకం పెట్టినవాళ్లు తమవాళ్ల కోసం పెట్టలేదు.

రెండోది, రసీదు పుస్తకంలో మీ పేరు రాయించే ముందు మీ దుకాణంలో, మిల్లులో, వర్క్‌షాపులో పనిచేసే కుర్రాడి జీతం లెక్క ఒకసారి చూసుకోండి. బకాయి ఉంటే ముందు అది ఇవ్వండి. సొసైటీకి ఆ నెల తక్కువ వచ్చినా ఫర్వాలేదు. ఈ మాటకు కోశాధికారిగారు నన్ను క్షమించాలి.

పిల్లలకు ఒక్క మాట. రేపు మీలో ఎవరైనా బోస్టన్‌లోనో న్యూయార్క్‌లోనో దిగితే, ఆ నేల మీద మీకంటే ముందు ఎవరెవరు నడిచారో గుర్తుంచుకోండి. పీక్వాట్లు, క్వేకర్లు, యూదులు, గొలుసుల్లో వచ్చిన మన అయూబా, అందరూ నడిచారు. మీరు అక్కడ మీ హక్కు అడిగే రోజున పక్కవాడి హక్కు కూడా కలిపి అడగండి.